కొర్రలా, దంపుడు బియ్యమా, చపాతీనా? రోజూ తినే తిండిలో ఏది మారిస్తే ఉపయోగం

మూడేళ్ల కిందట మా నాన్నకి షుగర్ బోర్డర్‌లో ఉందని తేలింది. ఆ వారంలోనే తెనాలిలో మా ఇంటి వంటగదిలోకి కొర్రలు ఐదు కిలోలు, దంపుడు బియ్యం పది కిలోలు, గానుగ నూనె, సైంధవ లవణం, తాటిబెల్లం, ఓట్స్ అన్నీ వచ్చి చేరాయి. ఫోన్ చేసిన చుట్టాల్లో ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు, అమ్మ ఎవరి మాటా కాదనలేక అన్నీ తెప్పించింది. మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్ష చేయిస్తే అంకె ఎక్కడిది అక్కడే ఉంది. ఇంటి ఖర్చు మాత్రం పెరిగింది, అమ్మకి పొద్దున ఒక వంట, మధ్యాహ్నం రెండు రకాల అన్నాలతో పని రెట్టింపయింది.

ఆ సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు రెండు రోజులు వంటింట్లోనే కూర్చుని, కూరగాయలు తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా పెట్టుకుని, పొయ్యి ఎక్కే ప్రతిదీ తూచాను. బియ్యం డబ్బాలో ఉండే పాత స్టీలు గ్లాసుతో అమ్మ పొద్దున మూడు, రాత్రి రెండు కొలిచి పోసింది. అవి తూకంలో కిలోకి కాస్త అటూ ఇటూగా వచ్చాయి. నలుగురు మనుషులు. తర్వాత కందిపప్పు తూచాను. పిడికిళ్లతో రెండుసార్లు తీసి గిన్నెలో వేసింది, కాటా మీద 98 గ్రాములు. అమ్మ ఆ అంకె చూసి, "ఇన్నేళ్లలో పప్పు ఎంత వేస్తున్నానో ఎప్పుడూ చూసుకోలేదమ్మా, గిన్నె నిండా కనిపిస్తుంది కదా అనుకునేదాన్ని" అంది. గిన్నె నిండా ఉన్నమాట నిజమే, కానీ అందులో ఎక్కువ నీళ్లూ చింతపండు పులుసూనే. మనిషికి పాతిక గ్రాముల పప్పు, పావు కిలో బియ్యం. టిఫిన్‌లో తిన్న ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ ఇందులో కలపనే లేదు.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి ఒక లెక్క ఉంది. బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, వేరుశనగ, నువ్వుల్లాంటి గింజలు 35 గ్రాములు, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. వండకముందు తూకం ఇది. మా ఇంటి లెక్కని దీని పక్కన పెట్టి చూస్తే బియ్యం ఏ రకందన్న ప్రశ్న కంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని అర్థమైంది: కంచంలో దేని వాటా ఎంత? పప్పు మూడో వంతు కూడా లేదు, కూరగాయలు సగానికి తక్కువ, అన్నం మాత్రం నిండుగా ఉంది. ఇలాంటి కంచంలో తెల్లన్నం తీసేసి అంతే కొర్రన్నం పెడితే పెద్దగా ఏమీ మారదు.

అందుకే ఈ పోలికలన్నీ నేను రెండు గుంపులుగా చూస్తాను. కొన్ని మారిస్తే ఒంటికి నిజంగా తేడా తెలుస్తుంది. కొన్ని మార్చినా మార్చకపోయినా దాదాపు ఒకటే, వాటి మీద డబ్బూ టెన్షనూ పెట్టుకోనక్కర్లేదు.

అన్నం సంగతి ముందు

తెల్ల బియ్యం, దంపుడు బియ్యం, జొన్నలు, సజ్జలు, రాగులు, గోధుమపిండి, ఏది తీసుకున్నా వండకముందు 100 గ్రాములకి 320 నుంచి 355 కేలరీల మధ్యే ఉంటాయి. అంటే బరువు తగ్గడానికి ఒక ధాన్యం మానేసి ఇంకో ధాన్యం అంతే తింటే లాభం ఉండదు. తేడా ఉండేది పీచులో. తెల్ల బియ్యంలో 100 గ్రాములకి మూడు గ్రాముల లోపు, దంపుడు బియ్యంలో నాలుగున్నర దగ్గర, జొన్నలు, సజ్జలు, రాగులు, ముడి గోధుమపిండిలో పది దాటి ఉంటుంది. పీచు ఉన్నది మెల్లగా అరుగుతుంది, కడుపు త్వరగా నిండినట్టుంటుంది, షుగర్ ఒక్కసారిగా పైకి లేవదు.

ఇక్కడే మా నాన్న దగ్గర నేను గమనించింది ఒకటి చెప్పాలి. కొర్రన్నం మొదలుపెట్టాక ఆయన రెండోసారి కూడా పెట్టించుకునేవారు. "ఇది మంచిదే కదమ్మా" అనే ధైర్యం. చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. మంచిదని పేరున్న తిండిని మనం కొలత లేకుండా తింటాం. పైగా బజారులో తెల్లగా నిగనిగలాడుతూ దొరికే కొర్రలు, సామలు బాగా పాలిష్ పట్టినవి, పై పొర పోయాక అందులో పీచు కూడా పోతుంది. కొనేటప్పుడు రంగు చూడండి, కాస్త మసకగా, పసుపుపచ్చగా, పొర అంటుకుని ఉన్నవి తీసుకోండి. రాగి జావ విషయంలోనూ అంతే, మెత్తటి పిండిని నీళ్లలా కాచి తాగితే తొందరగా అరిగిపోతుంది, షుగర్ ఉన్నవాళ్లు దాన్ని మందులా తాగడం సరికాదు. అదే రాయలసీమలో చేసే రాగి సంగటి, తెలంగాణలో పెనం మీద కాల్చే జొన్నరొట్టె అయితే నమిలి తినాలి, పక్కన పప్పో ఆకుకూరో ఉంటుంది, ముద్ద ముద్దకీ టైం పడుతుంది. రాగుల్లో ఇంకో గొప్పదనం కాల్షియం, 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాములు దాటే ఉంటుంది, మిగతా ధాన్యాలేవీ దాని దరిదాపుల్లోకి రావు. ఎదిగే పిల్లలకీ, పాలు పడనివాళ్లకీ వారంలో మూడు నాలుగు సార్లు రాగులు పెట్టమని నేను గట్టిగా చెబుతాను.

దంపుడు బియ్యానికి ఒక చరిత్ర ఉంది. ఇప్పుడు తార్నాకలో ఉన్న ఆ సంస్థే 1918లో తమిళనాడులోని కూనూరులో మొదలైంది, మొదలైంది బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం. మర ఆడించి పై పొర తీసేసిన బియ్యమే ప్రధానంగా తిన్న మనుషులకి బి1 విటమిన్ అందక కాళ్లు చచ్చుబడేవి, గుండె దెబ్బతినేది. 1958లో ఆ సంస్థ హైదరాబాద్‌కి వచ్చింది. దంపుడు బియ్యంలో ఉండే బి1తో పోలిస్తే బాగా పాలిష్ పట్టిన బియ్యంలో మిగిలేది ఐదో వంతు దగ్గరే. దానికి తోడు నాలుగైదుసార్లు కడిగి, గంజి వార్చేస్తే ఆ కాస్తా నీళ్లలో పోతుంది. గంజి వారిస్తే షుగర్ పోతుందని చాలామంది నమ్ముతారు, పోయే పిండి కొంచెమే, విటమిన్లు మాత్రం బాగానే పోతాయి. వార్చడం అలవాటైతే ఆ గంజిని చారులోనో మజ్జిగలోనో కలపండి, లేదంటే రెండుసార్లు కడిగి అత్తెసరు పెట్టుకోండి.

దంపుడు బియ్యం అందరికీ పడదు. పళ్లు సరిగ్గా లేని పెద్దవాళ్లు నమలలేరు, కొంతమందికి కడుపు ఉబ్బరంగా ఉంటుంది. మా అమ్మకి అదే ఇబ్బంది వచ్చింది. అలాంటప్పుడు సింగిల్ పాలిష్ బియ్యం తీసుకోవడం మంచి మధ్యేమార్గం. గంటసేపు నానబెట్టి, నీళ్లు ఇంకో అర గ్లాసు ఎక్కువ పోస్తే మెత్తగానే ఉడుకుతుంది. లేదా ఉప్పుడు బియ్యం, వడ్లని ముందే ఉడకబెట్టి ఆరబెట్టడం వల్ల పై పొరలోని బి విటమిన్లు కొంత గింజ లోపలికి వెళ్లి నిలుస్తాయి. మన దగ్గర చాలామంది వాసన పడదని దాన్ని దోసెలకే వాడతారు, అన్నంగా వండుకున్నా తప్పు లేదు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, మిగతా సన్నబియ్యంతో పోలిస్తే షుగర్‌ని నెమ్మదిగా పెంచుతుందన్న పేరు తెచ్చుకుంది. సన్నగా ఉంటుంది, రుచిగా ఉంటుంది, సాంబ మసూరి అలవాటైనవాళ్లు ఇబ్బంది లేకుండా మారిపోవచ్చు. కానీ అదీ అన్నమే, రెండు గరిటెలు ఎక్కువ పెట్టుకుంటే ఆ లాభం అక్కడితో సరి.

ఇక చపాతీ. రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తింటున్నామని చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. లెక్క చూడండి. నూనె వేయని మామూలు చపాతీ ఒకటి 100 కేలరీలకి కాస్త అటూ ఇటూ. రెండు చపాతీలు, ఒక కప్పు అన్నం, దాదాపు సమానం. రెండు చపాతీలు, గిన్నెడు పెసరపప్పు, దోసకాయ ముక్కలు తింటే చాలా మంచి భోజనం. కానీ మన ఇళ్లలో జరిగేది నాలుగు చపాతీలు, వాటి మీద నూనె, పక్కన బంగాళదుంప కుర్మా, చివర్లో పెరుగన్నం లేకపోతే తిన్నట్టుండదని ఇంకో గుప్పెడు. ఇలా తినేకంటే ఒక కప్పు అన్నం, పప్పు, కూర, మజ్జిగతో ముగించడం ఎంతో నయం. బయట దొరికే పుల్కాలు, రుమాలీ రోటీల్లో మైదా కలుస్తుంది కాబట్టి పీచు లెక్క అక్కడ పనికిరాదు.

నా ఎంపిక అడిగితే, మధ్యాహ్నం ఏ బియ్యమైనా సరే, సింగిల్ పాలిష్ అయితే ఇంకా మంచిది, మనిషికి కప్పున్నర అన్నం. రాత్రి వారంలో నాలుగు రోజులు జొన్నరొట్టె గానీ కొర్రలు గానీ. మొత్తం చిరుధాన్యాలకి మారిపోవాల్సిన అవసరం నాకు కనిపించలేదు. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు రోజూ సజ్జలే తినడం మంచిది కాదు, మార్చి మార్చి తినాలి. షుగర్‌కి మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా అన్నం సగం చేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి, డాక్టర్‌కి చెప్పి మెల్లగా తగ్గించండి.

పప్పు, గుడ్డు, చేప: ఇక్కడే అసలు తేడా

మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని భారతీయ వైద్య పరిశోధన మండలి లెక్క. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. పావు కిలో బియ్యంలో 19 గ్రాముల దాకా వస్తుంది, మా ఇంటి పాతిక గ్రాముల పప్పులో ఆరు గ్రాములు కూడా రాదు. పెరుగు, పాలు కలిపినా కొరత మిగులుతుంది. దీన్ని పూడ్చడానికి డబ్బాల్లో దొరికే ప్రొటీన్ పొడులు కొనక్కర్లేదు.

కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పు, మినప్పప్పు, ప్రొటీన్ పరంగా అన్నీ దగ్గర దగ్గరగా 100 గ్రాములకి 22 గ్రాముల చుట్టూ ఉంటాయి. కాబట్టి వీటిలో ఏది గొప్ప అని వాదించుకోవడం అనవసరం, అరుగుదల, ధర చూసుకుని తీసుకోండి. పెద్దవాళ్లకి పెసరపప్పు తేలిగ్గా అరుగుతుంది. కంది ధర మండినప్పుడు సగం కంది, సగం పెసర కలిపి వండండి, పప్పుచారులో ఎవరికీ తెలియదు. పొట్టు తీయని పెసలు, ఉలవలు, అలసందలు, శనగలు అయితే పీచు అదనంగా వస్తుంది. ఉలవచారు మనకి రుచి కోసమే గుర్తొస్తుంది గానీ, చారు తీశాక మిగిలిన ఉడికిన ఉలవల్ని చాలామంది పారేస్తారు లేదా పశువులకి పెడతారు. అసలు సరుకు అందులోనే ఉంది. పచ్చిమిర్చి, ఉల్లిపాయ, కొబ్బరి వేసి గుగ్గిళ్లు చేసుకోండి.

పలచటి పప్పుచారుకీ ముద్దపప్పుకీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే రోజులో ఒక పూటైనా ముద్దపప్పు, లేదా ఆకుకూర పప్పు ఉండాలి. తూకం దగ్గర లేకపోతే ఇలా చూసుకోండి: నలుగురున్న ఇంట్లో రెండు పూటలకీ కలిపి పావు కిలో పప్పు పొయ్యి ఎక్కాలి. అంటే కిలో ప్యాకెట్ నాలుగు రోజులకి అయిపోవాలి. మా ఇంట్లో అది పది రోజులు వచ్చేది.

గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్, అది కూడా ఒంటికి బాగా పట్టే రకం. గుడ్డు తినేవాళ్లకి ఇంత తక్కువ ధరలో ఇంత సులువుగా ఇంకేదీ దొరకదు. నాటు గుడ్డుకి రెట్టింపు ధర పెట్టాలా అంటే నాకైతే అవసరం అనిపించదు, ఆ డబ్బుతో మామూలు గుడ్లు రెండు వస్తాయి. కోస్తా వాళ్లకి చేప సులువు. కొరమీను, పండుగప్పల ధర చూసి వెనక్కి వచ్చేయకండి, చిన్న చేపలు, మెత్తళ్లు ముల్లుతో సహా తింటే కాల్షియం కూడా వస్తుంది. అయితే ఎండు మెత్తళ్లలో ఉప్పు బాగా ఉంటుంది, బీపీ ఉన్నవాళ్లు పచ్చివే తీసుకోవాలి. ఆదివారం ఒక్కరోజు అర కిలో చికెన్ బిర్యానీ, మిగతా ఆరు రోజులు చారన్నం అనే పద్ధతి కంటే, వారమంతా కొంచెం కొంచెం పంచి తినడమే ఒంటికి మేలు.

కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు పప్పు పెంచే ముందు డాక్టర్‌ని తప్పకుండా అడగండి. వాళ్ల లెక్క వేరు.

టిఫిన్లలో

పెసరట్టు, ఇడ్లీ, దోసె, ఉప్మా, పూరీ, ఈ వరసలోనే నేను పెడతాను. పెసరట్టు దాదాపు పూర్తిగా పప్పే. రెండు పెసరట్లలో 60 గ్రాముల పెసలు పడితే 13 గ్రాముల ప్రొటీన్ వచ్చినట్టే, పైగా పొట్టుతో ఉంటాయి. అదే 60 గ్రాముల బొంబాయి రవ్వ ఉప్మాలో ఏడు దాటదు, పీచు కూడా తక్కువ. ఉప్మా పెసరట్టు అంటే నాకూ ప్రాణమే, కానీ అది రెండు టిఫిన్లు కలిపి తిన్నట్టు, రోజూ వద్దు.

ఇడ్లీలో మన పద్ధతి ఒక కప్పు మినప్పప్పుకి రెండు కప్పుల రవ్వ. నాలుగు ఇడ్లీలు తింటే పాతిక గ్రాముల దాకా మినప్పప్పు అందులోనే వెళ్తుంది, నూనె లేదు, పులియడం వల్ల అరుగుదలకీ మంచిది. బయట హోటళ్లలో పప్పు తగ్గించి రవ్వ పెంచుతారు, అందుకే ఆ ఇడ్లీ తిన్న రెండు గంటలకే ఆకలేస్తుంది. చట్నీ విషయం మర్చిపోకండి, వేరుశనగ చట్నీ కాస్త ఎక్కువే వేసుకోవచ్చు, రోజుకి కావాల్సిన గింజల వాటా అందులో కొంత తీరుతుంది. ఓట్స్ ఎవరికైనా నచ్చితే తినండి, చెడ్డవి కావు. కానీ పెసరట్టు ఉన్న ఇంట్లో ఓట్స్ కోసం డబ్బు పెట్టాల్సిన అవసరం ఏముందో నాకు తెలియదు. తియ్యటి కార్న్‌ఫ్లేక్స్ వద్దే వద్దు.

నూనె: ఏదన్నది తర్వాత, ఎంతన్నది ముందు

వేరుశనగ, పొద్దుతిరుగుడు, తవుడు, నువ్వులు, గానుగది, రిఫైన్డ్, అన్నిటిలోనూ గ్రాముకి తొమ్మిది కేలరీలే. గానుగ నూనెలో వాసనా, కొన్ని సహజ పదార్థాలూ మిగులుతాయి, అది నిజం. కానీ ఎక్కువ ధర పెట్టి గానుగ నూనె కొని, మంచిదే కదా అని అదే ధారగా పోస్తే ప్రయోజనం ఉండదు. నలుగురున్న ఇంటికి నెలకి మూడున్నర లీటర్లు పై హద్దు అనుకోండి, ఆ 27 గ్రాముల లెక్క అక్కడికే వస్తుంది, నెయ్యి కూడా అందులో భాగమే. మా ఇంట్లో ఐదు లీటర్ల డబ్బా నెల తిరక్కుండానే అయిపోయేది. ఇప్పుడు ఒకటో తారీఖున మూడు లీటర్లు తెచ్చి పెడతారు, అది వచ్చినన్ని రోజులు రావాలన్నది ఒప్పందం. మా వదిన నూనె సీసా పక్కన పెట్టి పొయ్యి దగ్గర చిన్న చెంచా ఉంచింది. సీసా వంచి పోయడానికీ చెంచాతో కొలిచి వేయడానికీ మధ్య ఎంత తేడా వచ్చిందంటే, మొదటి నెలలోనే లీటరున్నర మిగిలింది.

వేపుడుకీ ఇగురుకీ మధ్య ఎంపిక కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. అదే అర కిలో దొండకాయ వేపుడు చేస్తే నాలుగైదు పెద్ద చెంచాల నూనె తాగుతుంది, ముందు ఆవిరి మీద ఉడికించి చివర్లో తాలింపు వేసి నువ్వులపొడి చల్లితే రెండు చిన్న చెంచాలు చాలు. అరటికాయ ఆవపెట్టిన కూర, బీరకాయ పెసరపప్పు, సొరకాయ పాలు పోసి చేసే కూర, ఇవన్నీ మన అమ్మమ్మల వంటలే, తక్కువ నూనెతో రుచి తగ్గకుండా ఉంటాయి.

రకం ఎంచుకోవాలంటే, ఒకే నూనె ఏళ్ల తరబడి వాడకుండా వేరుశనగ ఒక నెల, తవుడు నూనె ఒక నెల, పచ్చళ్లకి నువ్వుల నూనె, ఇలా మార్చుకోండి. బజ్జీలకి, పిండివంటలకి పొద్దుతిరుగుడు కంటే వేరుశనగ నూనె వేడికి బాగా నిలబడుతుంది. ఏది వాడినా ఒకసారి కాగిన నూనెని మళ్లీ మళ్లీ కాచవద్దు, మిగిలింది ఒకటి రెండు రోజుల్లో తాలింపుల్లో వాడేయండి. పామాయిల్‌లో సగం దాకా గడ్డకట్టే రకం కొవ్వే ఉంటుంది, చవక అని రోజువారీ వంటకి దాన్నే పెట్టుకోకండి.

ఉప్పు, తీపి

ఉప్పు మనిషికి రోజుకి ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. నలుగురికి ఇరవై గ్రాములు. కిలో ప్యాకెట్ యాభై రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్ని రోజులు వస్తుందో ప్యాకెట్ మీద తేదీ రాసి చూడండి. ఇది పచ్చళ్ల ఉప్పు కలపకుండానే. ఆవకాయలో పాత కొలత ప్రకారం ఆవపిండి, కారం, ఉప్పు సమానం, ముద్దకి ముద్దకీ నంజుకుంటే రోజు ఉప్పులో మంచి వాటా అక్కడే అయిపోతుంది. అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు కూడా ఉప్పుమయమే. ఆవకాయ మానేయమని ఏ తెలుగువాళ్లకీ చెప్పను, నేను మానలేదు. బీపీ ఉన్నవాళ్లు రోజూ వేసుకునే నిల్వ పచ్చడికి బదులు రోటి పచ్చడి చేసుకోండి. దోసకాయ, టమాటా, బీరపొట్టు, గోంగూర, ఏదైనా సరే, అప్పటికప్పుడు నూరిన పచ్చడికి నిల్వ ఉండాలన్న పని లేదు కాబట్టి ఉప్పు సగం వేసినా సరిపోతుంది, కూరగాయ కూడా లోపలికి వెళ్తుంది.

సైంధవ లవణానికీ మామూలు ఉప్పుకీ సోడియంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా చాలా సైంధవ లవణాల్లో అయోడిన్ కలపరు, ఇంట్లో పిల్లలు, గర్భిణులు ఉంటే అయోడిన్ ఉన్న ఉప్పే వాడాలి. సోడియం తగ్గించిన ఉప్పు అని ఇంకోటి వస్తుంది, అందులో పొటాషియం కలుపుతారు. అది కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకీ, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లకీ ప్రమాదం. డాక్టర్‌ని అడగకుండా ఇంట్లోకి తేవద్దు.

పంచదార, బెల్లం, తాటిబెల్లం, తేనె, షుగర్ ఉన్నవాళ్లకి నాలుగూ ఒకటే. బెల్లంలో ఐరన్ ఉందంటారు, మనం టీలో వేసుకునే చెంచాడులో వచ్చేది లెక్కలోకి రానంత. రోజుకి అదనంగా వేసుకునే తీపి 25 గ్రాములు దాటకూడదు, రెండేసి చెంచాల పంచదారతో మూడు టీలు తాగితే అయిపోయినట్టే. బెల్లానికి మారడం కంటే రెండు చెంచాలు ఒకటి చేయడం మేలు, నాలుక పదిహేను రోజుల్లో అలవాటు పడుతుంది. టీ గురించి ఇంకో మాట: భోజనం అవగానే టీ తాగితే తిన్న ఆకుకూరలోని ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు, గంట ఆగాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉంది, ఈ ఒక్క గంట ఆగడం వాళ్లకి మేలు చేస్తుంది.

కూరలు, పండ్లు

మనిషికి 400 గ్రాములంటే చాలామంది నమ్మరు. మా ఇంట్లో నలుగురికీ కలిపి అర కిలో కూర వండేవాళ్లు. ఒక్కసారిగా పెంచలేం, కూర కంటే అన్నం తగ్గించి, అన్నంలో కూర కలిపే పద్ధతి పోయి కూరలో అన్నం కలిపినట్టుగా వస్తే అప్పుడు దగ్గరికి చేరతాం. బంగాళదుంప, చేమదుంప, కందని నేను ఈ లెక్కలో కలపను, అవి అన్నం పక్షాన ఉంటాయి.

ఆకుకూరల్లో పాలకూర ఒక్కటే మంచిదనుకోవద్దు. తోటకూర, మునగాకు, పొన్నగంటి, బచ్చలి, గోంగూర, ఊరిలో దొరికేది ఏదైనా సరే. పెరట్లో మునగచెట్టు పెట్టుకుని, కాయలు కోసుకుని ఆకుని వదిలేసి, మునగాకు పొడిని ఆన్‌లైన్‌లో కొనేవాళ్లని నేను చూశాను. చెట్టు నుంచి లేత రెమ్మలు దూసి పప్పులో వేయండి, దించాక నిమ్మకాయ పిండండి, పులుపు తోడైతే ఐరన్ బాగా పడుతుంది.

పండ్లలో ఆపిల్, కివీ కొనలేకపోతున్నామని బాధపడేవాళ్లకి జామపండు సంగతి చెప్పాలి. జామలో 100 గ్రాములకి 200 మిల్లీగ్రాములు దాటి విటమిన్ సి ఉంటుంది, ఆపిల్‌లో పది కూడా ఉండదు. పీచు కూడా జామలోనే ఎక్కువ. ఆస్పత్రికి పలకరించడానికి వెళ్లేటప్పుడు ఆపిల్స్ తీసుకెళ్లడం మన అలవాటు, ఇంట్లో తినడానికి మాత్రం జామ, బొప్పాయి, సీజన్‌లో సీతాఫలం, నేరేడు తెచ్చుకోండి. షుగర్ ఉన్నవాళ్లు సీతాఫలం, మామిడి ఒకటి రెండు ముక్కలతో ఆపాలి. జ్యూస్ మాత్రం, ఇంట్లో తీసినదైనా, పండుతో సమానం కాదు. మూడు బత్తాయిల తీపి ఒక గ్లాసులోకి వస్తుంది, పీచు పిప్పిలో పోతుంది.

ప్యాకెట్ తిండి గురించి ఎక్కువ రాయను. వెనక్కి తిప్పి చూడండి, పదార్థాల పేర్లు ఏది ఎక్కువ ఉంటే అది ముందు వచ్చేలా రాయాలన్నది నిబంధన. ముందు వైపు మల్టీగ్రెయిన్, రాగి అని రాసి ఉన్న బిస్కెట్ వెనక మొదటి పేరు మైదా, రెండోది పంచదార అయితే అది మామూలు బిస్కెట్టే. పిల్లల పాలలో కలిపే తియ్యటి పొడులు కూడా ఆ కోవలోవే, 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ అమ్మకందార్లకి ఇలాంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్' అనే విభాగం కింద పెట్టవద్దని చెప్పింది. ఆ డబ్బుతో గుప్పెడు వేరుశనగలు, ఒక నువ్వులుండ పెట్టండి.

డబ్బు కొంచెమే ఉంటే

నెలకి తిండి మీద అదనంగా వెయ్యి రూపాయలు మాత్రమే పెట్టగలిగిన ఇల్లయితే, నేను చెప్పే వరస ఇది. ముందు పప్పు, పెసలు. గుడ్లు తినే ఇల్లయితే గుడ్లు. తర్వాత ఆకుకూరలు, జామపండ్లు. ఆ తర్వాత ఇంకా మిగిలితే రాగులు రెండు కిలోలు. గానుగ నూనె, దంపుడు బియ్యం చివర, సైంధవ లవణం, తాటిబెల్లం, విదేశీ గింజలు అసలు అక్కర్లేదు. నూనె డబ్బా, పంచదార ప్యాకెట్, బిస్కెట్లు తగ్గితే మిగిలే డబ్బుతోనే ఇందులో సగం వచ్చేస్తుంది.

హాస్టల్లో ఉండేవాళ్లకి వంట చేతిలో లేదు. మెస్‌లో అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు రెండుసార్లు పెట్టించుకోండి, సాంబారు గరిటెని అడుగు నుంచి తిప్పి వేయమనండి, గదిలో వేయించిన శనగలు, వేరుశనగలు డబ్బాలో ఉంచుకోండి. సాయంత్రం పునుగుల బండికీ ఉడికించిన గుడ్ల బండికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే ఏది అన్నది మీకే తెలుసు. నైట్ షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు అర్ధరాత్రి బిర్యానీ తెప్పించుకోవడం మాని ఇంటి నుంచి పెరుగన్నమో పెసరట్టో తీసుకెళ్తే తెల్లారేసరికి కడుపులో మంట ఉండదు.

మా ఇంటి కొలతలు ఇప్పుడు ఇలా ఉన్నాయి. రోజుకి బియ్యం 650 గ్రాములు, పప్పులు 300 గ్రాములు, కూరలు కిలోంబావు. కొర్రలు వారానికి రెండు రోజులే వండుతున్నారు, మిగతా రోజులు పాత సన్నబియ్యమే. ఆర్నెల్లకి నాన్న షుగర్ అంకె బోర్డర్ కిందికి వచ్చింది, భోజనం తర్వాత ఇరవై నిమిషాలు నడవడం కూడా అప్పుడే మొదలుపెట్టారు కాబట్టి అంతా తిండి వల్లే అని చెప్పలేను. అమ్మ ఇప్పటికీ బియ్యం ఆ స్టీలు గ్లాసుతోనే కొలుస్తుంది, దాని పక్కనే పప్పుకి ఇంకో గ్లాసు పెట్టుకుంది.